సందుగాలి దరింకా

పొద్దున్నే లేచి వుకాషిన్ చేసే మొదటి పని రెండు కాఫీలు కాయడం. పొడుగు కాడ ఉన్న చిన్న గిన్నెలో నీళ్ళు మరిగించి, పొడి వేసి, పొంగు పైకొచ్చేలోగా దించి, రెండు కప్పుల్లో పోస్తాడు. ఒకటి తనకి, ఒకటి భార్య దరింకాకి. తన కప్పు నోటి దగ్గరికి తీసుకునేసరికి అది తాగగలిగేంత వేడికి దిగి ఉంటుంది. ఆ పాటికి దరింకా బల్ల మీదుగా ఒకసారి వీచి ఉంటుంది మరి. అతని నాలుకకి వేడి పడదు. పెళ్ళయిన కొత్తలో ఆవిడే ఊది ఇచ్చేది. ఇప్పుడు నోరు లేదు, ఊదడం మాత్రం మిగిలింది.

దరింకా పోయాక ఇది రెండో చలికాలం. పోయిందంటే పూర్తిగా పోలేదు. ఆ ఇంట్లో గాలిగా ఉండిపోయింది. వీధివైపు వంటింటి కిటికీకీ, పెరటి తలుపుకీ మధ్య, మడమల ఎత్తున, సన్నగా, చల్లగా తిరుగుతుంది. ఈ సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చే మనిషి గుమ్మంలో బూట్లు విప్పి, అతిథుల కోసం పెట్టిన చెప్పులు తొడుక్కుంటూ, "బాగున్నారా దరింకా గారూ" అని మేజోళ్ళు పైకి లాక్కుంటాడు. ఇంటిని దీవించడానికి వచ్చే ఫాదర్ గవ్రిలో మెడకి మఫ్లర్ చుట్టుకుని గానీ లోపల అడుగు పెట్టడు. ప్రార్థన మధ్యలో కొవ్వొత్తి రెపరెపలాడితే, "అయిపోవచ్చిందమ్మా, ఒక్క నిమిషం" అంటాడు.

ఇందులో విడ్డూరం ఏమిటంటే, దరింకా బతికున్నన్నాళ్ళూ దేవుడికి కూడా అంత భయపడలేదు, సందుగాలికి భయపడింది. ఒక కిటికీలోంచి దూరి ఇంకో తలుపులోంచి పోయే గాలి ఉంటుందే, అది. మా బనాత్ మైదానపు జనానికి వరద వస్తే వస్తుంది, పోతే పోతుంది. యుద్ధమొచ్చి నేలమాళిగలో దాక్కున్నప్పుడు కూడా ముందు చూసుకున్నది ఎటునుంచి గాలి కొడుతోందనే. పన్ను సలిపినా, మెడ పట్టేసినా, నడుం విరిగినా, మూతి వంకరపోయినా, కుర్రాడు పరీక్ష తప్పినా, అన్నిటికీ సందుగాలే కారణం. మండుటెండలో బస్సెక్కి ఎదురెదురు కిటికీలు తీసి చూడండి, ఎవరి శాపనార్థాలు ఎలా ఉంటాయో తెలుస్తుంది.

ఈ విషయంలో దరింకా ఊరందరికంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. పాత మేజోళ్ళలో ఇసక నింపి పొడుగాటి దిండ్లు కుట్టి, ప్రతి కిటికీ అడుగునా, ప్రతి తలుపు కిందా పెట్టేది. భోజనాల మధ్యలో లేచి, "ఎక్కడినుంచో వస్తోంది" అంటూ తడి వేలు గాల్లో పెట్టి వెతికేది. కూతురు స్లావిత్సా పసిపిల్లగా ఉన్నప్పుడు, ఊయల దగ్గరికి వచ్చినవాళ్ళు తలుపు మూసి, నిలబడి, ఒళ్ళు వెచ్చబడ్డాకే బిడ్డ మొహం చూడాలి. అది ఆ ఇంటి చట్టం.

ఆవిడ పోయిన రోజు కోశావా వీస్తోంది. మాకు చలికాలంలో తూర్పునుంచి వచ్చే గాలి అది. మొదలైతే రోజుల తరబడి వదలదు. జ్వరంతో కాగిపోతున్న దరింకా కళ్ళు మూసుకునే, "మూసెయ్, గాలొస్తోంది" అంది. వుకాషిన్ కిటికీ రెక్క ఇంకాస్త బిగించి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆవిడ ఇంకేమీ అనలేదు. కాసేపటికి చెయ్యి చల్లబడింది.

చావింట్లో అద్దం కనపడకూడదని దానికి గుడ్డ కప్పడానికి వచ్చిన పక్కింటి మిలుంకా, "కిటికీ తెరువు తమ్ముడూ, ప్రాణం బయటికి పోవాలి" అంది.

"మూసెయ్యమంది."

"అది బతికున్న మనిషి మాట. ఇప్పుడు తెరవాలి."

"మూసెయ్యమందక్కా" అని వుకాషిన్ కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు. ఏడుస్తున్న మనిషితో ఎవరు వాదిస్తారు. ఎవరూ వాదించలేదు.

నలభయ్యో రోజున పెట్టే భోజనానికి బంధువులంతా వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. చేపముక్కలు వడ్డిస్తుండగా అందరి మడమలకీ ఒకేసారి చల్లగా తగిలింది. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కాళ్ళు పైకి తీసుకుని కుర్చీల అడ్డకర్రల మీద పెట్టుకున్నారు. "దరింకా వచ్చింది" అన్నారెవరో. "రావడమేమిటి, వెళ్తేగా" అంది మిలుంకా. చేప చల్లారిపోతుందని తినడం మొదలుపెట్టారు.

ఆ మర్నాడే వుకాషిన్ కిటికీ చుట్టూ లప్పం కూరి, రెక్కల సందుల్లో కూడా పోయేలా మూడు పూతలు ఆయిల్ పెయింట్ వేశాడు. చట్రం, రెక్కలు కలిసి ఒకే చెక్క అయిపోయాయి. సందుగాలికి రెండు సందులు కావాలి. ఒకటి మూసేస్తే ఇక ఎటూ పోలేదు. పెరటి తలుపు మాత్రం ఉంచుకున్నాడు, అదీ పక్కకి తిరిగి దొంగలా జారుకునేటంత మేరకే తీసి. అప్పటినుంచీ దరింకా ఆ ఇంట్లోనే ఉంది. తనకి తను సిగ్గుపడుతున్నట్టు కిందికిందనే తిరిగేది. మనుషుల మెడల జోలికీ నడుముల జోలికీ ఎప్పుడూ పోలేదు. జన్మంతా దేన్ని తిట్టిపోసిందో తనే అది అయినప్పుడు మరి ఎవరికైనా ఎలా ఉంటుంది.

*

ఆ మాఘమాసపు చలిలో స్లావిత్సాకి ఆడపిల్ల పుట్టింది.

బిడ్డ భూమ్మీద పడకముందే ఇంట్లోకి గుడ్డముక్క కూడా తేకూడదు మాకు. తెస్తే ఏదో కన్ను పడుతుంది. అందుకని ఊయల అప్పటిదాకా అటక మీదే ఉంది. స్లావిత్సా పడుకున్న ఊయలే అది. అడుగున రెండు వంపు చెక్కలు, చుట్టూ చువ్వలు. కడుపు కోసి బిడ్డని తీశారు కాబట్టి ఆసుపత్రివాళ్ళు శుక్రవారం పంపిస్తామన్నారు. కూతురూ అల్లుడూ ఉండే అద్దె ఇల్లు నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. అంచేత బాలింత బయటికి రాకూడని ఆ నలభై రోజులూ స్లావిత్సా పుట్టింట్లో ఉండాలని అనుకున్నారు. పడక వంటింట్లోనే, పొయ్యి ఉన్న గది అదొక్కటే కనక.

అల్లుడు ఓగ్న్యెన్ మధ్యాహ్నం వచ్చాడు. తండ్రైనవాడి చొక్కా చింపడం స్నేహితుల హక్కు. కోటు కింద అతని చొక్కా పీలికలై వేలాడుతోంది, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఇళ్ళలో నేలకి రెగ్జిన్ పరిచే పని అతనిది. పని సామాన్లలోంచి వేడిగాలి కొట్టే హీట్ గన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఊయలకి మూడు పొరల రంగు ఉంది మావయ్యా. అడుగుపొరలు పాతకాలంవి, సీసం కలిపినవి. పిల్లకి పళ్ళొస్తే కొరికేది ముందు దాన్నే. నాకు వదిలెయ్, పట్టుకెళ్ళి ఆ రంగంతా తీయించి తెస్తాను."

"మొదటి మనవరాలి ఊయల ఊళ్ళోవాళ్ళు చేస్తారా? తాతని నేనుండగా?"

"నువ్వు చేస్తానంటావనే ఇది తెచ్చాను. అయితే విను. ఇది జుట్టు ఆరబెట్టుకునే మిషను కాదు. మూతి దగ్గర వేడికి మాంసం ఉడుకుతుంది. చిన్న వేడి మీదే పెట్టు. రంగుకి జానెడు దూరంలో ఉంచి, ఒక్కచోట ఆపకుండా కదుపుతూ ఉండు. రంగు ముడతపడగానే గోకెయ్. పొగ వచ్చిందంటే నువ్వు తప్పు చేస్తున్నట్టు, సీసం గాల్లో కలుస్తున్నట్టు."

"వంట నేర్పుతున్నావా నాకు?"

"కాఫీ తప్ప ఏం వండావు గనక. ఆపాక కూడా మూతి చాలాసేపు కాలుతూనే ఉంటుంది, పడుకోబెట్టకు, ఇదిగో ఇలా వెనక్కి నిలబెట్టు. కింద కాగితాలు పరవకు. థిన్నరూ, దాంతో తుడిచిన గుడ్డలూ గదిలోనే ఉండకూడదు. పక్కన బకెట్ నీళ్ళు పెట్టుకో. ఈ మాస్కు తగిలించుకో, జేబురుమాలు కట్టుకుంటే పనికిరాదు. పెచ్చులు ఊడవకు, తడిగుడ్డతో తీసి సంచిలో కట్టెయ్. ఆ గదిలో ఏమీ తినకు, తాగకు."

"పెరట్లో చేసుకుంటే పోలా?"

"బయట కోశావా వీస్తోంది, వేడి ఊయల దాకా చేరదు. ఇక్కడే చెయ్యాలి. అయితే..." ఓగ్న్యెన్ ఆగి కిటికీ వైపు చూశాడు. "అయితే రెండూ తెరవాలి మావయ్యా. కిటికీ, తలుపు. అటునుంచి ఇటు గాలి ఆడాలి. అది లేకపోతే మిగతావన్నీ చేసినా ఒకటే, చెయ్యకపోయినా ఒకటే."

మడమ దగ్గర దరింకా తిరుగుతుంటే ఓగ్న్యెన్ మేజోడు వదులుగా ఊగింది.

"అత్తయ్యా, నువ్వైనా చెప్పు" అన్నాడు ఓగ్న్యెన్ కిందికి చూస్తూ. తర్వాత సంచిలోంచి చప్పిడి మూతి ఒకటి తీసి గన్ పక్కన పెట్టాడు. "ఇది గాజు దగ్గర వాడేది. వేడిని పక్కకి మళ్ళిస్తుంది, అద్దం పగలదు. కిటికీకి వేసిన రంగు కరిగించాలంటే పనికొస్తుంది." ఇంకేం చెప్పినా మామగారికి నొప్పే అని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

*

కిటికీ తెరవలేదు. ఎందుకు తెరవలేదో మీకు నేను వేరే చెప్పక్కర్లేదు.

వుకాషిన్ మొండివాడే గానీ మూర్ఖుడు కాదు. పొగలో ఏముందో తెలుసు. కానీ రెండూ తీస్తే ఆవిడ వెళ్ళిపోతుంది. ఆ రెండు తెలివిడులూ ఒకే బుర్రలో పెట్టుకుని మర్నాడు పొద్దున్నే పనికి కూర్చున్నాడు. పాత పేపర్లు పరిచాడు. మాస్కు పెడితే కాఫీ తాగడం కుదరదని జేబురుమాలు కట్టుకున్నాడు. రెండు కప్పులూ కిటికీ గట్టు మీద పెట్టుకున్నాడు. అల్లుడు చెప్పినవాటిలో ఒక్కటి మాత్రం పాటించాడు, చిన్న వేడి. అదీ కాసేపే.

పైన పసుపు పొర. మేనల్లుడి కొడుక్కి ఊయల ఇచ్చినప్పుడు దరింకా వేసిన రంగు అది. పాల మీద మీగడలా ముడతపడి లేచింది. దాని కింద ఆకుపచ్చ. ఆకుపచ్చ కింద తెలుపు. స్లావిత్సా కోసం వేసిన తెలుపు అది, అప్పుడు దరింకా నిండు చూలాలు. మామూలుగా బిడ్డ పుట్టాకే వెయ్యాలి. "నా చేత్తో నేను వేసుకుంటే ఏ కన్నూ పడదు, నువ్వు కిటికీ మూసెయ్ చాలు" అని పొట్ట అడ్డం పడుతుంటే ఒక పక్కకి ఒరిగి కూర్చుని బ్రష్షు తిప్పింది. పై పట్టె మీద చిన్న గాట్లు కనిపించాయి, స్లావిత్సా మొదటి పళ్ళవి. వుకాషిన్ గోకడం ఆపి వేలితో తడిమి చూశాడు. అతనికి దుఃఖం ముంచుకొచ్చింది. ఆ గాట్లు చూసి ఇద్దరూ ఎంత నవ్వుకున్నారో గుర్తున్నది ఇప్పుడు తనొక్కడికే.

"చూశావా" అన్నాడు.

మడమల దగ్గర చల్లగాలి పైకి లేచి ఊయల చువ్వల మధ్యనుంచి ఒకసారి దూరి వచ్చింది.

తెలుపు పొర గట్టిగా పట్టేసి ఉంది. అతను వేడి పెంచాడు. జానెడు కాస్తా బెత్తెడైంది. పొగ లేచింది. గదిలో దరింకా అటూ ఇటూ పరిగెత్తడం మొదలుపెట్టింది. కానీ మూసిన గదిలో గాలి ఎంత తిరిగినా అదే పొగని తిప్పుతుంది. అతని మొహం మీదినుంచి పొగని తోసేది, అది గోడకి తగిలి తిరిగొచ్చేది. నోట్లో తియ్యగా అదో రుచి, కణతల్లో పోటు. గన్‌ని పేపర్ల మీద పడుకోబెట్టి ఊయలకి తల ఆనించాడు. కాసేపు ఇలాగే ఉంటే బాగుండుననిపించింది. నిద్రపట్టేసింది కూడా.

మెలకువ వచ్చింది చప్పుడికి కాదు. చల్లదనం ఆగిపోయినందుకు.

ఏడాదికి పైగా అతని కాళ్ళ దగ్గర ఆ చల్లదనం ఆగింది లేదు. నిద్రలో కూడా దుప్పటి అంచున ఉండేది. అది ఒక్కసారి లేకుండా పోయేసరికి, "దరింకా" అని లేచి కిందికి చూశాడు. గన్ మూతి తగిలి పేపరు అంచు ఎర్రగా కొరుక్కుపోతోంది. మంట కాదు, నిప్పు. రెండు వేళ్ళ అవతల, తను తుడిచి పడేసిన థిన్నర్ గుడ్డ. దరింకా ఎక్కడికీ పోలేదు. తలుపు కింద తనే కుట్టిన ఇసక దిండుని కరుచుకుని, గోడమూల, ఊపిరి బిగబట్టి ఉంది. పొయ్యి ముందు జీవితం గడిపిన మనిషి. నిప్పు మీద గాలి కదిలితే ఏమవుతుందో ఆవిడకి ఒకరు చెప్పాలా.

బకెట్ లేదు. వుకాషిన్ కిటికీ గట్టు మీది కప్పు తీసి పోశాడు. చాలలేదు. రెండో కప్పు, దరింకాది, అది కూడా పోశాడు. బుస్సుమని నల్లగా ఆరిపోయింది. ప్లగ్గు లాగేసి, థిన్నర్ గుడ్డని కాలితో దూరంగా తోసి, నేల మీద కూలబడి దగ్గాడు.

వాసన పక్కింటికి చేరినట్టుంది. మిలుంకా తలుపు కొట్టకుండానే పక్కకి జారి లోపలికి వచ్చింది. ఆ ఇంట్లోకి ఎలా రావాలో ఆవిడకీ అలవాటే. పొగ చూసింది, పేపరు చూసింది, మూసిన కిటికీ చూసింది. శాలువా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"శుక్రవారం పిల్లని తెచ్చేది ఈ గదిలోకేనా?"

"ఆరిపోతుందక్కా. వాసన పోతుంది."

"ఎటు పోతుంది? గోడల్లోకా? పిల్ల ఊపిరితిత్తులు వాల్‌నట్ కాయంత ఉంటాయి తమ్ముడూ."

"తెరిస్తే వెళ్ళిపోతుంది."

"వెళ్ళాలి."

"నువ్వు ఒక్కదానివీ ఉంటున్నావుగా, నీకు తెలీదా? పొద్దున్నే లేస్తే ఇంట్లో ఏదో ఒకటి కదులుతుండాలి. నాకు అదొక్కటే ఉంది."

మిలుంకా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే దెప్పు ఈసారి లేదు. "నీ సంగతి పక్కనపెట్టు. దాని సంగతి చూడు. స్లావిత్సా పుట్టినప్పుడు నేను బయటినుంచి వస్తే, ఒళ్ళు వెచ్చబడేదాకా పొయ్యి దగ్గర నిలబెట్టింది నన్ను. పసిగుడ్డు మీద ఈగ వాలినా ఒప్పుకుంటుంది గానీ సందుగాలి తగలనిస్తుందా? ఇప్పుడు తనే సందుగాలి. శుక్రవారం ఆ పిల్ల వస్తే దరింకా ఎక్కడ దాక్కుంటుంది చెప్పు? మడమల కిందనా? ఊయల ఉండేది మడమల ఎత్తునేగా."

వుకాషిన్ తడిసిన పేపరు అంచుని వేళ్ళతో నలిపాడు.

"మూసెయ్యమంది" అన్నాడు మెల్లిగా. "చివరి మాట అదే."

"మూశావుగా. ఎవరూ అంతలా మాట నిలబెట్టుకోరు. ఇంక చాలు."

అప్పుడు కిటికీ కదిలింది. బయట కోశావా కొడుతోంది గానీ ఇది బయటినుంచి కాదు. లోపలినుంచి. రంగు పూసి బిగించిన రెక్కల్ని ఎవరో అరచేత్తో తట్టినట్టు, మొహమాటంగా, అద్దం టకటకలాడింది. ఆగింది. మళ్ళీ టకటకలాడింది. దరింకా ఇన్నాళ్ళలో ఎప్పుడూ ఆ కిటికీ జోలికి పోలేదు.

మిలుంకా లేచి శాలువా బిగించుకుంది. "నేను పెరటి తలుపు దగ్గర ఉంటాను. నువ్వు చెప్పినప్పుడు తీస్తాను" అంది.

*

ఈసారి వుకాషిన్ అన్నీ అల్లుడు చెప్పినట్టే చేశాడు.

తడిసిన పేపర్లు, గుడ్డలు, థిన్నర్ సీసా పెరట్లోకి పంపించాడు. బకెట్ నిండా నీళ్ళు పట్టి పక్కన పెట్టాడు. మాస్కు తగిలించుకుని ముక్కు దగ్గర నొక్కి చూసుకున్నాడు. గన్ మూతి పూర్తిగా చల్లారిందని తడిగుడ్డతో చూసుకుని, గాజు దగ్గర వాడే చప్పిడి మూతి బిగించాడు. చిన్న వేడి మీద పెట్టి, జానెడు దూరంలో పట్టుకుని, రెక్కల సందు వెంట పైనుంచి కిందికి, కిందినుంచి పైకి మెల్లిగా కదిపాడు. తన చేత్తో తను వేసిన మూడు పూతలూ మెత్తబడి ముడతపడ్డాయి. గోకుడు కత్తితో ఒలుచుకుంటూ పోయాడు. ఎక్కడా పొగ రాలేదు. వేడి లప్పం రవ్వ ఒకటి మణికట్టు మీద పడింది. చురుక్కుమనే లోపలే దాని మీద చల్లగా ఊపిరి తగిలింది.

"నాకేం కాలేదులే" అన్నాడు. మాస్కులోంచి మాట ముద్దగా వచ్చింది. "నువ్వు మూసెయ్యమంటే మూశాను. నువ్వు వెళ్ళకుండా ఉంటావని కాదు. అబద్ధం ఎందుకు, అందుకే. కాఫీ అదీ నాకు అలవాటైపోయింది. స్లావిత్సా నీలాగే అయింది, ఆసుపత్రిలో నర్సుల చేత కిటికీలు మూయిస్తోందట. పిల్లకి నీ చెవులు వచ్చాయంటున్నారు. చూసి వెళ్ళకూడదూ అందామనుకున్నాను. అడగను."

చివరి మూల దగ్గర చాలాసేపు పట్టింది. అక్కడ పని అవసరమైనదాని కంటే నెమ్మదిగానే చేశాడు. ఆఖరికి రంగు మొత్తం వచ్చేసింది. గన్ ఆపి వెనక్కి నిలబెట్టి, ప్లగ్గు తీశాడు. టోపీ పెట్టుకోమని మిలుంకా తలుపు దగ్గరినుంచి కేక వేసింది గానీ అతను వినిపించుకోలేదు. చొక్కా కాలరు గుండీ విప్పుకున్నాడు.

"తియ్యి అక్కా" అన్నాడు.

పెరటి తలుపు తెరుచుకుంది. వుకాషిన్ రెండు రెక్కలూ పట్టుకుని లాగాడు.

కోశావా లోపలికి విరుచుకుపడింది. పొగ, వాసన, గోడల మీది క్యాలెండరు, అన్నీ లేచాయి. ఆ హోరులో కూడా అతనికి ఏది కోశావాయో, ఏది దరింకాయో తెలిసింది. ఇన్నాళ్ళూ మడమలు దాటి పైకి రానిది, ఇప్పుడు మోకాళ్ళ దాకా, నడుం దాకా, వీపు మీదుగా లేచింది. ఎవరికీ ఎప్పుడూ తగలనివ్వని ఆ చోట్లన్నీ తాకింది. మెడ ఎడమవైపు, చెవి కింద, ఒకచోట ఆగింది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ మొహం దాచుకునే చోటు అది. ఆ తర్వాత కిటికీలోంచి వెళ్ళిపోయింది. వీధిలో ఆకులు రాలిన చెట్టు కొమ్మలు ఒకసారి వెనక్కి వంగాయి.

వుకాషిన్ అక్కడే నిలబడి ఏడ్చాడు. మాస్కు తియ్యడం మర్చిపోయాడు. మిలుంకా తలుపు దగ్గర కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, అలవాటు కొద్దీ, "గాలికి నిలబడకు తమ్ముడూ" అంది.

మిగిలిన పని రెండు సందుల మధ్య గాలిలో, కోటు వేసుకుని పూర్తిచేశాడు. పెచ్చులన్నీ తడిగుడ్డతో ఏరి సంచిలో కట్టాడు. చెక్కని తడిపి రుద్ది, గోడలూ నేలా మళ్ళీ మళ్ళీ తుడిచాడు. ఊయలకి కొత్త రంగు వెయ్యలేదు. ఉట్టి చెక్కగానే ఉంచాడు. పై పట్టె మీద పళ్ళ గాట్లు మాత్రం రుద్దలేదు.

*

శుక్రవారం స్లావిత్సా బిడ్డతో గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. కిందికి, తన మేజోళ్ళ వైపు చూసుకుంది. అటూ ఇటూ రెండడుగులు వేసింది. గది వెచ్చగా, నిశ్చలంగా ఉంది. ఆమె తండ్రి మొహం చూసింది, బిగించిన రంగు పోయిన కిటికీ చూసింది. బిడ్డని ఊయలలో పడుకోబెట్టి, మంచం మీద ఒరిగి, గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతుంటే ఓగ్న్యెన్ దుప్పటి కప్పాడు.

వుకాషిన్‌కి మెడ పట్టేసింది. తల ఎడమ భుజం మీదికి ఒరిగి అలాగే ఉండిపోయింది. ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు. "కిటికీకీ తలుపుకీ మధ్య నిలబడితే అంతేగా మరి" అన్నారు. మిలుంకా ప్లమ్ సారాతో తడిపిన గుడ్డ తెచ్చింది. మీటరు మనిషి తన అత్తగారు వాడే లేపనం పేరు చెప్పాడు. వుకాషిన్ అందరికీ సరేనన్నాడు, ఏదీ రాసుకోలేదు. పొద్దున్నే లేవగానే చెవి కింద ఆ చోటు తడుముకుని చూసుకునేవాడు. నొప్పి ఉంటే మొహం తేటపడేది. రెండు కాఫీలు కాసేవాడు. రెండూ వేడిగానే ఉండేవి. నాలుక కాల్చుకుని తాగేవాడు.

ఊయలలో పిల్ల బాగానే ఎదిగింది. ఎర్రగా, గుండ్రంగా, గుక్కపట్టి ఏడిస్తే పక్కింటికి వినపడేలా తయారైంది. డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి విని, "ఊపిరి గంటలా ఉంది" అంది.

బాలింత నలభై రోజులూ అయ్యేసరికి కోశావా తగ్గింది. ఆ పొద్దున వుకాషిన్ లేచి, తల కుడివైపు తిప్పితే తిరిగింది. ఎడమవైపు తిప్పాడు, అటూ తిరిగింది. చెవి కింద నొక్కాడు. ఏమీ లేదు. మామూలు మెడ.

స్లావిత్సా నిద్రలేచేసరికి అతను వంటింటి కిటికీ బార్లా తీసి, కాలరు విప్పి, దానికెదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెరటి తలుపు కూడా తీసే ఉంది. బయట గాలి ఆడటం లేదు. బల్ల మీద రెండు కప్పులూ ఆవిర్లు కక్కుతున్నాయి. కన్నీళ్ళు గడ్డం దాకా జారుతున్నా అతను తుడుచుకోవడం లేదు.

స్లావిత్సా నిద్రకళ్ళతోనే బిడ్డకి దుప్పటి పైకి లాగింది.

"మూసెయ్ నాన్నా, గాలొస్తుంది" అంది.

వుకాషిన్ లేచి ముందు తలుపు, ఆ తర్వాత కిటికీ మూశాడు. ఈసారి లోపల చిక్కుకుపోయినవాళ్ళు ఎవరూ లేరు.